వేర్ల లెక్క తెలిసినవారు కావాలి

కట్టడాల పక్కన చచ్చిపోయే చెట్లలో చాలావాటి మీద గొడ్డలి పడదు. డ్రైనేజీ పైపు కోసం మొదలుకు రెండడుగుల దూరంలో జేసీబీ కాలువ తవ్వుతుంది. సెల్లార్ నుంచి తీసిన మట్టిని చెట్టు చుట్టూ మోకాలెత్తున పోస్తారు. ఇసుక, కంకర, ఇటుకలు దాని నీడనే దింపుతారు. సిమెంటు గమేళాలు, డ్రమ్ములు కడిగిన నీళ్లు దాని మొదట్లోనే పారబోస్తారు. ఇంత జరిగినా గృహప్రవేశం నాటికి చెట్టు పచ్చగానే ఉంటుంది. మూడో ఏటో ఐదో ఏటో పైకొమ్మల చివర్లు ఎండటం మొదలవుతుంది, ఆకు చిన్నదవుతుంది, బెరడు కింద పురుగు చేరుతుంది. అప్పటికి కాంట్రాక్టరు వేరే ఊళ్లో వేరే పని మీద ఉంటాడు. నేరం చెదల మీదికో ఎండల మీదికో పోతుంది. దెబ్బ తగలడానికీ చావు కనబడటానికీ మధ్య ఉన్న ఈ ఎడమే మన పట్టణాల్లో పెద్ద చెట్లకు అసలు ప్రమాదం. చెట్టును నరకడానికి మనకు దరఖాస్తు ఉంది, రుసుము ఉంది, అధికారి ఉన్నారు. నరకకుండా దాని పక్కన ఎలా కట్టాలో చెప్పే మనిషి మాత్రం మన అనుమతుల వ్యవస్థలో ఎక్కడా లేరు. అలాంటివారిని చదివించి, పరీక్ష పెట్టి తయారు చేసుకోవాలి. వారి సంతకం లేకుండా పెద్ద చెట్టున్న స్థలంలో పునాది తీయనివ్వకూడదు.

ఆ పరీక్షను కొత్తగా కనిపెట్టే పని లేదు. 1924లో అమెరికాలో పుట్టిన సంస్థ ఇప్పుడు ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ ఆర్బరికల్చర్ పేరుతో చాలా దేశాల్లో వృక్ష నిపుణులకు పరీక్ష పెడుతోంది. అందులో 200 ప్రశ్నలకు మూడున్నర గంటల్లో జవాబు రాయాలి. పరీక్షకు కూర్చోవాలంటేనే చెట్ల పనిలో మూడేళ్ల అనుభవమో, అనుభవంతో పాటు సంబంధిత చదువో ఉండాలి. పాసైతే వచ్చే సర్టిఫికెట్ మూడేళ్లే చెల్లుతుంది. ఆ లోపు చదువు కొనసాగించినట్టు చూపించాలి, లేదా మళ్లీ పరీక్ష రాయాలి. నేల, చెట్టు శరీరం, కొమ్మల కత్తిరింపు, తెగుళ్లు, పడిపోయే ప్రమాదం, పనివాళ్ల భద్రత వంటి విషయాలతో పాటు కట్టడాల దగ్గర చెట్టును కాపాడటం అందులో విడిగా ఒక పాఠం. బ్రిటన్‌లో ఇదే విషయం మీద బీఎస్ 5837 అనే ప్రమాణం ఉంది. మన దేశంలో ఇలాంటి సర్టిఫికెట్ ఉన్నవారు చాలా కొద్దిమంది. పురపాలక ఇంజినీర్లు, భవనాల ప్లాన్లు గీసేవారు, రోడ్ల కాంట్రాక్టర్లు ఈ పాఠం పేరైనా వినకుండానే చెట్ల మధ్య పని చేస్తున్నారు.

ఆ పాఠంలో ముందుగా పోయేది తల్లివేరు గురించిన అపోహ. చెట్టు ఎంత ఎత్తుంటే వేరు అంత లోతుకు దిగుతుందని మనలో చాలామంది నమ్మకం. కాబట్టి పైన మూడడుగులు తవ్వితే దానికి ఏమీ కాదనుకుంటాం. నిజానికి ఎదిగిన చెట్టు వేర్లలో అధిక భాగం పైనున్న రెండడుగుల మట్టిలోనే ఉంటుంది. నీళ్లూ పోషకాలూ పీల్చే సన్నటి పీచువేర్లు మొదటి అడుగులోనే గుమిగూడతాయి. అవి కొమ్మల అంచు దగ్గర ఆగవు, గొడుగు దాటి చాలా దూరం పరుచుకుంటాయి. ఇలా ఉండటానికి కారణం గాలి. వేరు కూడా ఊపిరి తీసుకుంటుంది. మంచి నేలలో సగం ఖాళీయే, అందులో కొంత గాలి, కొంత నీరు ఉంటాయి. 7, 8 టన్నుల జేసీబీ తడి నేల మీద నాలుగైదు సార్లు తిరిగితే చాలు, ఆ ఖాళీలు మూసుకుపోతాయి. నష్టంలో ఎక్కువ భాగం మొదటి కొద్ది తిరుగుళ్లలోనే జరిగిపోతుంది, తర్వాత ఎంత దున్నినా నేల మునుపటిలా కాదు. చెట్టు చుట్టూ మట్టి పోసి ఎత్తు పెంచడం, సీసీ వేసి మొదలు దాకా కప్పేయడం చేసే హానీ ఇదే. ఒక్క వేరూ తెగనక్కర్లేదు, వేర్లకు ఊపిరాడకపోతే చాలు. సిమెంటు కడిగిన నీళ్లు దీని మీద మరో దెబ్బ. నేల క్షారమై, ఇనుము వంటి పోషకాలు ఉన్నా చెట్టుకు అందవు.

ఇక వేర్ల వలయం లెక్క. నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున మాను వ్యాసం ఎన్ని అంగుళాలుంటే, చుట్టూ అన్ని అడుగుల దూరం వేర్లకు వదలాలని అమెరికా నిపుణుల సాధారణ సూత్రం. బ్రిటన్ ప్రమాణం వ్యాసానికి 12 రెట్లు అంటుంది. రెండూ ఒకటే లెక్క, అంగుళానికి అడుగు. ముసలి చెట్టుకూ సున్నితమైన జాతికీ అంగుళానికి అడుగున్నర దాకా వదలాలి. అడుగులు, అంగుళాల్లో ఆలోచించే మన మేస్త్రికి దీన్ని ఒక్క నిమిషంలో నేర్పవచ్చు. కానీ మన స్థలాల మీద పెట్టి చూస్తే చిక్కు మొదలవుతుంది. చుట్టుకొలత ఐదడుగుల పైచిలుకు ఉన్న వేపచెట్టు వ్యాసం సుమారు 20 అంగుళాలు. దానికి 20 అడుగుల వలయం, అంటే దాదాపు 140 గజాల స్థలం. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో మధ్యతరగతి ఇల్లు లేచేది 200 గజాల్లో. సూత్రాన్ని అక్షరాలా పాటిస్తే ఇల్లుండదు, పక్కన పెడితే చెట్టుండదు. ఈ చదువు వద్దనేవారి బలమైన వాదన ఇదే. దీన్ని దాటవేయకూడదు.

అయితే సూత్రం దగ్గర ఆగిపోయేవారికి నిపుణులు అక్కర్లేదు, టేపు చాలు. చదువుకున్నవారి అవసరం ఆ తర్వాతే మొదలవుతుంది. వలయం గుండ్రంగానే ఉండాలని లేదు. వేర్లు నిజంగా ఎటు వెళ్లాయో చేత్తో చిన్న గుంతలు తవ్వి చూస్తే తెలుస్తుంది. ఒకవైపు రాతిబండ ఉంటే రెండోవైపు ఎక్కువ పరుచుకుంటాయి. ఒక పక్క కొంత పోగొట్టుకున్నా మిగతా మూడు పక్కలా నేలను విప్పి, నీళ్లు పెట్టి కాపాడితే ఆరోగ్యంగా ఉన్న చెట్టు తట్టుకుంటుంది. దాటకూడని హద్దు ఒకటుంది. మాను వ్యాసానికి మూడు రెట్ల లోపల, అంటే మన వేపకు ఐదడుగుల లోపల, లావు వేర్లు తెగితే చెట్టు నిలబడే శక్తే పోతుంది. ఈ రెండు దూరాల మధ్య ఎక్కడ తవ్వవచ్చో, ఎలా తవ్వాలో చెప్పడమే నిపుణుల పని. కాంపౌండ్ గోడకు బారుగా పునాది తవ్వకుండా అక్కడక్కడ పిల్లర్లు లేపి, నేలకు పైన బీము వేసి గోడ కట్టవచ్చు, బీము కింద వేర్లు వాటి దారిన అవి పోతాయి. నీళ్ల పైపును వేర్లున్న మేర కాలువ తవ్వకుండా మూడు నాలుగడుగుల లోతున అడ్డంగా రంధ్రం వేసి పంపవచ్చు. లారీ తిరగక తప్పని చోట చెక్కపొట్టు, ఎండుకొమ్మల ముక్కలు మందంగా పరిచి పైన ఇనప పలకలు వేయవచ్చు. వీటిలో మన మేస్త్రులకు చేతకానిది ఒక్కటీ లేదు. ప్లాన్ గీసే రోజున వారికి చెప్పేవారు లేకపోవడమే లోటు.

మన చట్టం అడిగే ప్రశ్న చాలా చిన్నది. 2002 నాటి వాల్టా చట్టం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమల్లో ఉంది. నీటిని, భూమిని, చెట్లను ఒకే చోట చేర్చిన మంచి చట్టం అది. కానీ చెట్టు విషయంలో దాని చూపంతా నరికివేత మీదే. తెలంగాణలో 2020లో వచ్చిన చట్టం 600 చదరపు గజాల లోపు ఇళ్లకు యజమాని స్వీయ ధ్రువీకరణ మీదే తక్షణ అనుమతి ఇచ్చింది. ప్రజలకు తిప్పలు తప్పించిన మేలైన మార్పే. అయితే అనుమతికి ముందు స్థలం చూసేవారు లేరు కాబట్టి అక్కడి చెట్టును చూసేవారూ లేరు. పెద్ద ప్రాజెక్టుల్లో ఈ లోటు కోర్టుల మెట్లెక్కుతుంది. 2016లో హైదరాబాద్‌లోని కేబీఆర్ పార్కు చుట్టూ ఫ్లైఓవర్ల కోసం చెట్లు తీయాలన్నప్పుడు నగరవాసులు వీధుల్లోకి వచ్చారు, వివాదం జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు చేరింది. చేవెళ్ల రోడ్డు మీది 900కు పైగా మర్రిచెట్ల గొడవ ఏళ్ల తరబడి అదే ట్రైబ్యునల్‌లో నలిగింది. ఆ రోడ్డు ఇరుకు వల్ల ప్రాణాలు పోతున్నాయన్న బాధ నిజమైనది. ఆ చెట్లు పోకూడదన్న పట్టుదలా నిజమైనదే. ఎన్ని పోతాయి, ఎన్ని మిగులుతాయి అన్న లెక్క చుట్టూనే వాదనంతా తిరిగింది. మిగిలిన మర్రి పక్కన రోడ్డు అంచు ఎంత దూరంలో ఉండాలి, ఎత్తు ఎంత పెంచవచ్చు, సైడు కాలువ ఎటు పోవాలి అన్నవి కూడా ఆ చెట్టుకు చావుబతుకుల ప్రశ్నలే. ఇరవై అడుగుల చుట్టుకొలత ఉన్న మర్రికి అంగుళానికి అడుగు చొప్పున దాదాపు 76 అడుగుల వలయం కావాలి. ‘కాపాడిన’ జాబితాలో చేరిన చెట్టు మొదలుకు పదడుగుల్లో కాలువ తవ్వితే ఆ జాబితాకు అర్థం లేదు. నిపుణులు లేని చోట న్యాయమూర్తులే ఇంజినీర్లు కావాల్సి వస్తోంది. ఢిల్లీలో చెట్ల మొదళ్ల చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తీసేయమని 2013లో ట్రైబ్యునలే చెప్పాల్సి వచ్చింది. ఫుట్‌పాత్ వేసేవారికి తెలిసి ఉండాల్సిన సంగతి అది.

అటవీ శాఖ ఉండగా ఇంకొకరు ఎందుకని అడగవచ్చు. అటవీ అధికారుల చదువును తక్కువ చేయడం లేదు. వారి శిక్షణ ప్రధానంగా అడవికి, తోటకు సంబంధించినది. వందల చెట్ల గుంపును పెంచడం వేరు, ఒక పక్క మురుగు పైపు, ఒక పక్క కరెంటు కేబుల్, ఒక పక్క సెల్లార్ ఉన్న ఒంటరి కానుగ చెట్టును బతికించడం వేరు. వారికి కూడా ఈ పాఠం విడిగా కావాలి. ఇంజినీరుకు చెట్టు తెలియదు, అటవీ అధికారికి పునాది నక్షా తెలియదు. రెండూ తెలిసినవారిని తయారు చేయడానికే ఇతర దేశాల్లో ఈ వృత్తి పుట్టింది.

పోతే పోనివ్వండి, ఒకటికి పది నాటుతాం, లేదా ఎత్తి వేరే చోట పెడతాం అనేవారున్నారు. మొక్కలు నాటడం ఎప్పుడైనా మంచిదే. కానీ నలభై ఏళ్ల వేప ఇచ్చే నీడను పది మొక్కలు ఈ వేసవికి ఇవ్వలేవు. తరలింపు సంగతి లెక్క వేసి చూడాలి. మాను వ్యాసం అంగుళానికి కనీసం పది అంగుళాల మట్టిగడ్డతో లేపాలన్నది మామూలు నియమం. మన 20 అంగుళాల వేపకు అది పదహారు పదిహేడు అడుగుల వెడల్పు గడ్డ. మూడడుగుల లోతు వేసుకున్నా బరువు దాదాపు 30 టన్నులు. మన రోడ్ల మీద లారీల్లో వెళ్తున్న చెట్లకు ఉండే గడ్డ అందులో ఎన్నో వంతో చూసినవారికి తెలుసు. మర్రి, రావి వంటివి మొండివి కాబట్టి కొంత తట్టుకుంటాయి, అన్ని జాతులూ అలా తట్టుకోలేవు. ఢిల్లీ ప్రభుత్వం 2020లో తరలింపు విధానం తెచ్చి, తరలించిన వాటిలో 80 శాతం బతకాలని నియమం పెట్టింది. 2022లో అదే ప్రభుత్వం హైకోర్టుకు ఇచ్చిన లెక్కలో, మూడేళ్లలో తరలించిన 16,461 చెట్లలో మూడో వంతే బతికాయి. తరలింపు చివరి దారి కావాలి. మన దగ్గర అది మొదటి సమాధానం అవుతోంది.

పరీక్ష పెడితే మరో లంచాల సంతకం పుడుతుందన్న అనుమానం కొట్టిపారేయదగ్గది కాదు. దానికి విరుగుడు ఈ విషయం స్వభావంలోనే ఉంది. దెబ్బ ఐదేళ్లకు బయటపడుతుంది కాబట్టి బాధ్యతా ఐదేళ్లు ఉండాలి. అనుమతి సమయంలో బిల్డరు చెట్టు పేరు మీద డిపాజిట్ కట్టాలి. ఐదేళ్ల తర్వాత చెట్టు ఆరోగ్యంగా ఉంటే అది వడ్డీతో సహా తిరిగి రావాలి. సంతకం చేసిన నిపుణుల సర్టిఫికెట్ కొనసాగింపు కూడా వారు చూసిన చెట్ల బతుకు మీద ఆధారపడాలి. విదేశీ పరీక్ష మన నేలకు పనికి రాదన్న అభ్యంతరంలో మాత్రం సగం నిజముంది. వేరు ఊపిరి పీల్చడం అన్ని దేశాల్లో ఒకటే. కానీ ఎండకు నెర్రెలిచ్చి వానకు ఉబ్బే కృష్ణా, గుంటూరు నల్లరేగడి, అడుగు మట్టి కిందే బండ తగిలే హైదరాబాద్, తుపానులు కొట్టే కోస్తా ఇసుకనేల, ఊడలతో నడిచే మర్రి, వీటి మీద ప్రశ్నలు ఆ పరీక్షలో ఉండవు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖ చెట్లను కూల్చినప్పుడు తెలుసుకోవాల్సింది చాలా ఉంది. అంత గాలికి మంచి చెట్టూ పడుతుంది, నిజమే. అయితే ఒకవైపు వేర్లు తెగిన చెట్టు చిన్న గాలికే ఇళ్ల మీద పడుతుందన్నది వృక్ష నిపుణులందరికీ తెలిసిన విషయం. మన పరీక్షలో మన నేల, మన జాతులు, మన వానలు ఉండాలి. సిద్దిపేట జిల్లా ములుగులోని అటవీ కళాశాల, వెంకటరామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయం కలిసి కూర్చుంటే ఆ పాఠ్యాంశాలు రాయలేవా? అన్నిటికంటే ముఖ్యంగా అది తెలుగులో ఉండాలి. జేసీబీ నడిపేవారు, మేస్త్రి, నర్సరీ కాంట్రాక్టరు ఇంగ్లిషు ప్రశ్నపత్రం రాయలేరు. చెట్టు బతుకు చివరకు వారి చేతుల్లోనే ఉంది.

ఇప్పటికే అంతర్జాతీయ పరీక్షకు సిద్ధమవుతున్న తెలుగు యువతీ యువకులు కొందరైనా ఉంటారు. కట్టడాల పాఠాన్ని నిర్వచనాలు బట్టీ కొట్టి దాటేయవద్దని వారికి నా మనవి. అందులో ప్రశ్నల ప్రాణం వరుసలో ఉంటుంది. ఏది ముందు, ఏది తర్వాత? చెట్టు చుట్టూ కంచె మొదటి యంత్రం స్థలంలోకి రాకముందే లేవాలి, కట్టుబడి మధ్యలో వేసిన కంచె అప్పటికే తొక్కేసిన నేలను కాపాడదు. గోడ పనిలో రెండంగుళాల వేరు తెగింది, ఇప్పుడేం చేయాలి అని అడిగితే, వేర్లు తగ్గాయి కాబట్టి కొమ్మలూ కొట్టి సరిచేయాలన్న జవాబు తెలివైనదిగా కనిపిస్తుంది. అది తప్పు. కొత్త వేరు పుట్టడానికి తిండి ఆకు నుంచే రావాలి, ఆకును తీసేస్తే గాయపడ్డ చెట్టు ఆకలితో చస్తుంది. చీలిన వేరును పదునైన రంపంతో నున్నగా కోయాలి, తారో రంగో పూయకూడదు, వెంటనే మట్టి కప్పి తడి ఆరకుండా చూడాలి, ఎండిన కొమ్మలు తప్ప మరేవీ ముట్టకూడదు. పుస్తకంతో పాటు ఊళ్లో తవ్వి ఉన్న ప్రతి కాలువా పాఠమే. రోడ్డు పక్కన ట్రెంచ్ తెరిచి ఉన్నప్పుడు వెళ్లి, ఏ లోతులో ఎంత లావు వేర్లు ఉన్నాయో కొలిచి రాసుకోండి. భవనం ప్లాన్ సంపాదించి, దాని మీద చెట్టును, వలయాన్ని, లారీ దారిని, ఇసుక దింపే చోటును గీసి చూడండి. ప్లాన్ చదవడం రానివారు ఈ పాఠంలో మార్కులు తెచ్చుకోగలరేమో గానీ చెట్టును కాపాడలేరు.

రెండు ప్రభుత్వాల నుంచి కావాల్సింది పెద్ద ఖర్చు కాదు. అనుమతి దరఖాస్తులో స్థలంలోనూ సరిహద్దు దాటి పది అడుగుల్లోనూ ఉన్న, మూడడుగుల చుట్టుకొలత దాటిన ప్రతి చెట్టునూ ప్లాన్ మీద గుర్తించాలని ఒక్క నిబంధన చేర్చాలి. పురపాలక ఇంజినీర్లకు, పట్టణ ప్రణాళిక సిబ్బందికి, రోడ్ల శాఖకు ముందుగా ఈ శిక్షణ ఇచ్చి పరీక్ష పెట్టాలి. ప్రభుత్వ పనులతోనే మొదలుపెట్టాలి, ఎందుకంటే కాలువలు ఎక్కువగా తవ్వేది ప్రభుత్వ శాఖలే. నియమం వచ్చేదాకా ప్రజలూ ఆగక్కర్లేదు. ఈ ఏడాది ఇల్లు మొదలుపెట్టబోయేవారు ప్లాన్ గీసే ఇంజినీరును ఒక్క మాట అడగండి. స్థలంలో చెట్టు ఈ కాగితం మీద ఎక్కడుంది, దాని వేర్లకు ఎంత చోటు వదిలారు? జవాబు వచ్చేదాకా జేసీబీని పిలవకండి.